డయల్‌కి తొమ్మిది కలుపుకో: ఒక పైపులైను ఉష్ణోగ్రత ప్రాజెక్టు డైరీ

1వ రోజు

పని చిన్నదే కదా అని ఒప్పుకున్నాను. ఆవిరితో నూనెను వేడిచేసే ఎక్స్‌ఛేంజర్ ఒకటుంది. అందులోంచి బయటికొచ్చే రెండంగుళాల పైపులో నూనె ఎంత వేడిగా ఉందో ప్యానెల్ మీద సరిగ్గా కనబడాలి. అంతే పని. కావాల్సింది 80 డిగ్రీలు. 75 కంటే తగ్గితే నూనె చిక్కబడి ఫిల్టర్ దగ్గర ప్రెషర్ ఎక్కేస్తుంది, 90 దాటితే రంగు తిరుగుతుంది. మధ్యలో ఉన్నది పదిహేను డిగ్రీల సందు. ఈ మాత్రం దానికి ప్రాజెక్టు అని పేరెందుకు అనుకుంటూనే వెళ్లాను.

పైపు మీద ఒక డయల్ గేజ్ ఉంది, 71 చూపిస్తోంది. దాని పక్కనే ఇంకో థర్మోవెల్‌లో (పైపులోకి దించిన, కొస మూసిన లోహపు గొట్టం) పీటీ-100 అనే ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది, దాని తాలూకు ప్యానెల్ ఇండికేటర్ 76 అంటోంది. శాంపిల్ వాల్వు తిప్పి, మొదట రెండు లీటర్లు వదిలేసి, ఆ తర్వాత నూనెను ఫ్లాస్కులో పట్టి రిఫరెన్స్ ప్రోబ్ ముంచితే 80.2. ఒకే పైపు, ఒకే నూనె, మూడు అంకెలు.

షిఫ్టు ఆపరేటర్ ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్నవాడు. నా మొహం చూసి నవ్వాడు. డయల్ పక్కన, ఇన్సులేషన్ మీద కప్పిన అల్యూమినియం రేకు (క్లాడింగ్) మీద మార్కర్‌తో పెద్దగా +9 అని రాసి ఉంది. "డయల్‌కి తొమ్మిది కలుపుకోవాలి సార్. ప్యానెల్‌లో 76 ఉంటే లైను బాగానే ఉన్నట్టు. మేమంతా అలాగే నడుపుతాం" అన్నాడు. అందుకే ఆవిరి వాల్వును నడిపే కంట్రోలర్ సెట్‌పాయింట్ (అది పట్టి ఉంచాల్సిన అంకె) కూడా 76 దగ్గరే ఉంది. నూనె మాత్రం 80 లోనే వస్తోంది. అంటే లైను సరిగ్గానే నడుస్తోంది, చూపించే అంకెలే తప్పు. ఇలాంటి చోట చెయ్యి పెట్టాలంటేనే భయం, ఎందుకంటే సరిదిద్దిన ప్రతి అంకె ఎవరో ఒకరి అలవాటును చెడగొడుతుంది.

2వ రోజు

పైపు కోయకుండా పని తేలిపోతుందేమో చూద్దామని ముందు పైపు పైనుంచే ప్రయత్నించాను. మెయింటెనెన్స్ కుర్రాడొకడు ఇన్‌ఫ్రారెడ్ గన్ తెచ్చి క్లాడింగ్ మీద కొట్టాడు, 38 వచ్చింది. "తప్పు చూపిస్తోందన్నా" అన్నాడు. గన్ తప్పేం లేదు పాపం. మెరిసే అల్యూమినియం తన వేడిని చాలా తక్కువగా వెదజల్లుతుంది, చుట్టుపక్కల వాటిని అద్దంలా తిప్పి చూపిస్తుంది. గన్‌లో ఎమిసివిటీ (వేడిని వెదజల్లే గుణం) 0.95 దగ్గర పెట్టి ఉంటే అది మనకు చెప్పేది ఎక్కువగా ఎదురుగోడ సంగతే. పైగా క్లాడింగ్‌కీ నూనెకీ మధ్య అంత మందాన ఇన్సులేషన్ ఉంది.

తర్వాత అడుగు పొడవున ఇన్సులేషన్ తీసి, పైపును ఎమరీతో రుద్ది, ప్యాచ్ సెన్సర్‌ను అల్యూమినియం టేపుతో అంటించాను. 66. థర్మల్ పేస్టు రాసి, సెన్సర్ వైరును కూడా పైపు వెంబడే ఒక జానెడు పోనిచ్చి, ఇన్సులేషన్ మళ్లీ మూశాను. గంట తర్వాత 76 దాటింది, అక్కడే ఆగింది. వైరును అలా పైపు వెంబడి పోనివ్వడం చాలామంది వదిలేసే పని. వైరు నేరుగా చల్లగాలిలోకి లేచిపోతే సెన్సర్ దగ్గరి వేడిని అదే పీల్చేస్తుంది.

మిగతా నాలుగు డిగ్రీలు ఎటు పోయాయి? ఈ నూనె చిక్కన. 80 డిగ్రీల దగ్గర కూడా దీని స్నిగ్ధత 60 సెంటీస్టోక్స్ ఉంటుంది. పైపు లోపలి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు మీటరు. లెక్క వేస్తే రేనాల్డ్స్ సంఖ్య 875 వచ్చింది. రెండు వేల లోపుంటే ప్రవాహం పొరలు పొరలుగా, ఒకదానితో ఒకటి కలవకుండా పోతుంది. మధ్యలోని పొర సగటు వేగానికి రెట్టింపుతో పరుగెడుతుంది, గోడకు ఆనుకున్న పొర దాదాపు కదలదు. ఆ గోడ పొర బయటికి వేడి ఇస్తూ చల్లబడుతుంటే మధ్యలోని వేడి నూనె వచ్చి దాన్ని కలపదు, ఎందుకంటే అక్కడ సుడులే లేవు. నూనె వేడిని మోసే తీరు కూడా అంతంతమాత్రం. కాబట్టి గోడ ఒక అంకె చెబుతుంది, నడిమధ్య ఇంకో అంకె. అదే ఈ పైపులో నీళ్లు ఇదే వేగంతో పోతుంటే గోడకూ నీళ్లకూ పెద్ద తేడా ఉండేది కాదు, బయట అంటించిన సెన్సరే సరిపోయేది. ఈ పైపుకి మాత్రం కుదరదు. ప్యాచ్ సెన్సర్ పీకేశాను.

3వ రోజు

ఈరోజంతా ప్యానెల్ అంకె వెంట పడ్డాను. డయల్‌ది, ప్యానెల్ సెన్సర్‌ది ఒకే రకం థర్మోవెల్, ఒకే చోటు, ఒకే లోతు. మరి ఐదు డిగ్రీల తేడా ఎందుకు?

సెన్సర్‌ను బయటికి తీసి ముందు మంచులో పెట్టాను. మంచు ముక్కల్ని బాగా నలగ్గొట్టి, సందుల్లో నిండేంత నీళ్లు పోసి, పది నిమిషాలు కలుపుతూ ఉంచాలి. గడ్డలు తేలే నీళ్లలో ముంచి 'సున్నా' అనేస్తే అడుగున రెండు మూడు డిగ్రీలున్నా మనకు తెలీదు. మల్టీమీటర్‌తో సెన్సర్ కొసల దగ్గరే చూస్తే 100.1 ఓమ్‌లు. పీటీ-100 అంటేనే సున్నా దగ్గర 100 ఓమ్‌లు ఇచ్చే ప్లాటినం. 100 డిగ్రీల దగ్గర అది 138.51 అవుతుంది. అంటే డిగ్రీకి సుమారు 0.385 ఓమ్. ఐఈసీ 60751 ప్రమాణం క్లాస్ బి సెన్సర్‌కు సున్నా దగ్గర 0.3 డిగ్రీ వరకు తేడాను ఒప్పుకుంటుంది. నా 0.1 ఓమ్ అంటే 0.26 డిగ్రీ, పరిధిలోనే ఉంది. సెన్సర్ మంచిదే.

ఆ సెన్సర్ స్థానంలో కచ్చితమైన 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ప్యానెల్ దగ్గరికి పరుగెత్తాను. సున్నా చూపాల్సిన ప్యానెల్ 4.7 చూపిస్తోంది.

జంక్షన్ బాక్సు మూత తీస్తే సంగతి బయటపడింది. సెన్సర్ నుంచి ప్యానెల్ దాకా రెండే వైర్లు. పాతిక మీటర్ల దూరం, అర చదరపు మిల్లీమీటరు రాగి. పోనూ రానూ యాభై మీటర్లు. ఆ సైజు రాగి కిలోమీటరుకు 36 ఓమ్‌లు ఉంటుంది, యాభై మీటర్లకు 1.8 ఓమ్. దాన్ని 0.385తో భాగిస్తే 4.7 డిగ్రీలు. ఇంత శుభ్రంగా లెక్క కుదరడం నా ఉద్యోగంలో అరుదు, ఆ కాగితం దాచుకున్నాను. రెండు వైర్ల పద్ధతిలో మీటరుకు ప్లాటినం ఏదో, రాగి ఏదో తెలీదు. అంతా కలిపి వేడి అనుకుంటుంది. పైగా రాగి కూడా ఎండకు మారుతుంది. కేబుల్ ట్రే పదిహేను డిగ్రీలు వేడెక్కితే ఇంకో పావు డిగ్రీ పెరుగుతుంది. మధ్యాహ్నం షిఫ్టులో ప్యానెల్ కాస్త ఎక్కువ చూపిస్తుందని ఆపరేటర్లు చెప్పిన మాటలో కొంత నిజం ఇక్కడుంది.

అంటే ప్యానెల్ 76లో 4.7 కేబుల్ ఇచ్చిన బహుమతి. సెన్సర్ కొస నిజంగా ఉన్నది 71.3 దగ్గర. డయల్ చెప్పేది కూడా 71. ఇన్నేళ్లూ అందరూ తిట్టుకున్న డయలే నిజాయితీగా ఉంది, అందరూ నమ్మిన ప్యానెల్ ఒక తప్పు మీద ఇంకో తప్పు వేసుకుని నిజానికి కాస్త దగ్గరగా కనిపించింది.

మరి ఆ కొస 80 డిగ్రీల నూనెలో ఉండి 71 దగ్గర ఎందుకు ఆగిపోయింది? అది తర్వాత చూద్దాం, ముందు కేబుల్ సంగతి తేలుద్దాం అనుకున్నాను. ఈ క్రమమే నన్ను ముంచింది.

5వ రోజు

నాలుగో రోజు సెలవు.

సెన్సర్ తలలోనే కూర్చుని, దాని ఓమ్‌లను కరెంటుగా మార్చి పంపే ట్రాన్స్‌మిటర్ పెట్టాను. సెన్సర్‌కీ దానికీ మధ్య నాలుగు పొట్టి వైర్లు, అక్కడి నుంచి ప్యానెల్‌కి 4–20 మిల్లీయాంపుల కరెంటు. ఇప్పుడు కేబుల్ ఎంత పొడవున్నా బాధ లేదు. కరెంటు లూపులో ఎక్కడైనా ఒకటే కదా. పాత రెండు వైర్లే పనికొచ్చాయి. రేంజ్ 0–150 పెట్టాను, డిగ్రీకి 0.107 మిల్లీయాంప్ పడుతుంది.

సెన్సర్ తెగిపోతే ట్రాన్స్‌మిటర్ ఏం చెయ్యాలన్నది మనమే నిర్ణయించాలి. నామూర్ అనే పరిశ్రమల సంఘం ఇచ్చిన ఎన్ఈ 43 సిఫార్సు ప్రకారం 3.8 నుంచి 20.5 మిల్లీయాంపుల దాకా కొలత, 3.6 లోపు గానీ 21 పైన గానీ పోతే పరికరం చెడిందని అర్థం. నేను పై వైపు పెట్టాను. ఇది వేడిచేసే లూపు. వైరు తెగినప్పుడు అంకె కిందికి పడిపోతే, కంట్రోలర్ పాపం చల్లగా ఉందనుకుని ఆవిరి వాల్వు బార్లా తెరుస్తుంది. పైకి పోతే మూసేస్తుంది. చల్లబెట్టే లూపైతే దీనికి తిరగేసి పెట్టాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెట్టింగును అలాగే వదిలేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కంట్రోలర్‌ను మాన్యువల్‌లో ఉంచి లూపు ఆన్ చేశాను. ప్యానెల్ 95 అంది! గుండె ఆగినంత పనైంది. మీటరు పెట్టి చూస్తే కరెంటు 11.6 మిల్లీయాంపులు, అంటే 71. ప్యానెల్ కార్డులో రేంజ్ 0–200 అని ఉంది. దాన్ని 0–150 చేశాక 71.3 వచ్చింది. హమ్మయ్య అనుకుని, అదే ఊపులో కంట్రోలర్‌ను ఆటోలోకి నెట్టి, సామాన్లు సర్దుకుని వర్క్‌షాపుకి వెళ్లిపోయాను.

సెట్‌పాయింట్ ఇంకా 76 దగ్గరే ఉంది.

అరగంట తర్వాత ఫిల్లింగ్ దగ్గర్నుంచి ఫోను. "సార్, నూనె పలచగా వస్తోంది, వాసన కూడా తేడాగా ఉంది." పరుగెత్తుకెళ్లి శాంపిల్ పడితే 85.6. ప్యానెల్ మాత్రం 76 చూపిస్తూ పచ్చలైటుతో హాయిగా ఉంది. హై అలారం 85కి పెట్టి ఉంది, కానీ ప్యానెల్ దృష్టిలో అసలు 85 రానేలేదు కదా, ఎలా మోగుతుంది? మాన్యువల్‌లోకి తెచ్చి వాల్వు తగ్గించి, నూనె 80కి దిగే దాకా అక్కడే నిలబడ్డాను. రంగు మారలేదు. ఇంకో నాలుగైదు డిగ్రీలు ఎక్కి ఉంటే ఆ బ్యాచ్ మొత్తం నా ఖాతాలో పడేది.

సాయంత్రం మేనేజర్ గారు పిలిచి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "నువ్వు రాకముందు ప్యానెల్ నాలుగు డిగ్రీల తప్పులో ఉంది. నువ్వు బాగుచేశాక తొమ్మిది డిగ్రీల తప్పులోకి వచ్చింది. అవునా?" అవును సార్ అన్నాను. ఇంకేమంటాను! రెండు తప్పులు ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి ఆపుకుంటున్నప్పుడు ఒకదాన్ని తీసేస్తే రెండోది మీద పడుతుంది. తాత్కాలికంగా సెట్‌పాయింట్ 71కి మార్చి, హై అలారం 75కి దించి, లాగ్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో రాసి అందరి చేతా సంతకాలు పెట్టించాను.

8వ రోజు

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వచ్చాం, థర్మోవెల్ లోతు.

వెల్ అంటే ఒక కొస మూసి ఉన్న లోహపు గొట్టం. దాన్ని పైపులోకి దించి బిగిస్తాం, సెన్సర్ అందులో కూర్చుంటుంది. లైను నడుస్తుండగానే సెన్సర్‌ను తీసి మార్చొచ్చు, నూనె బయటికి రాదు. సౌకర్యమే. కానీ ఇక్కడ వెల్ పొడవులో ఎక్కువ భాగం పైపు మీద నిలువుగా ఉన్న పొట్టి గొట్టం (నాజిల్) లోనే ఉండిపోయింది. పైపులోని నూనెలో మునిగింది 20 మిల్లీమీటర్లే. కొస వ్యాసం 16. అంటే మునిగిన లోతు వ్యాసానికి ఒకటింపావు రెట్లు. ద్రవాల్లో కనీసం పది రెట్లు మునగాలన్నది మెకానిక్కులు నోటిలెక్కగా వాడే మాట. నాజిల్ చుట్టూ ఇన్సులేషన్ కూడా లేదు, తల ఎప్పుడూ గాలికే ఉంది.

వేడి నూనెలో ఒక కొస, చల్లగాలిలో ఇంకో కొస ఉన్న లోహపు కడ్డీ ఏం చేస్తుంది? నూనె ఇచ్చిన వేడిని పైకి మోసుకెళ్లి గాలికి ఇచ్చేస్తుంది. ఇచ్చేదీ పోయేదీ ఎక్కడ సమానమైతే కొస అక్కడ నిలబడుతుంది, అది నూనె ఉష్ణోగ్రత కాదు, నూనెకీ గాలికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఆరోజు గాలి 32. నూనెకూ గాలికీ తేడా 48. కొస దగ్గర పోయింది 8.7. అంటే 18 శాతం. ఈ శాతం ఆ వెల్‌కీ, ఆ నూనెకీ, ఆ వేగానికీ కట్టుబడి ఉంటుంది. గాలి మారితే తప్పు డిగ్రీలు మారతాయి. లెక్క ప్రకారం గాలి 20కి పడితే తప్పు దాదాపు 11 కావాలి.

అనుమానం తీరడానికి ఒక పని చేశాను. నాజిల్ నుంచి తల దాకా రాక్‌వూల్ చుట్టి తాడుతో కట్టాను. ఇంకేమీ ముట్టుకోలేదు. నలభై నిమిషాల్లో ప్యానెల్ 71.3 నుంచి 75.1కి ఎక్కింది. నూనె అదే 80. బయట దుప్పటి కప్పితే లోపలి "ఉష్ణోగ్రత" నాలుగు డిగ్రీలు పెరిగింది! ఆపరేటర్‌ను పిలిచి చూపించాను. చాలాసేపు దాన్నే చూసి, "అయితే ఇన్నాళ్లూ మేం కొలిచింది ఈ గొట్టాన్నా సార్?" అన్నాడు. చూపించాక రాక్‌వూల్ తీసేశాను. కప్పు ఉంచి సెట్‌పాయింట్ 71 దగ్గరే వదిలేస్తే కంట్రోలర్ ఈసారి నూనెను చల్లబెట్టేది. ఐదో రోజు పాఠం ఒకసారి చాలు.

వెల్ లోపలికి టార్చి వేసి చూస్తే అడుగున తుప్పు పొడి, సెన్సర్ కొస అడుగును తాకడమే లేదు. దాన్ని అడుగుకి నొక్కి ఉంచే స్ప్రింగు ఎప్పుడో విరిగిపోయింది.

9వ రోజు

కొత్త వెల్ కొసను 12 మిల్లీమీటర్లకు సన్నం చేసినా పది రెట్లంటే 120 మునగాలి. రెండంగుళాల పైపులో 120 మిల్లీమీటర్ల లోతు ఎలా వస్తుంది? నిలువుగా దించితే అవతలి గోడ తగులుతుంది. వాలుగా పెడితే కొంచెం దక్కుతుంది, చాలదు. పైపును అక్కడ మాత్రం మూడు నాలుగంగుళాలకు పెంచొచ్చు, కానీ సైజు మార్చే రిడ్యూసర్లు రెండు కావాలి, చోటు లేదు. కాగితం మీద రెండు పూటలు గీశాను.

ఫిట్టర్ బాబాయ్ వచ్చి నా బొమ్మ చూసి, చాక్‌పీసు తీసుకుని నేల మీద గీశాడు. "ఎక్స్‌ఛేంజర్ దాటాక పైపు తిరిగే ఎల్బో ఉందిగా. దాన్ని కోసేసి టీ ఆకారపు పైపు ముక్క పెట్టు. నూనె సూటిగా వచ్చి పక్క కొమ్మలోంచి తిరిగిపోతుంది. సూటిగా మిగిలిన మూతికి బోల్టులతో బిగించే ఫ్లాంజి వేసి, అందులోంచి నీ గొట్టాన్ని పొడుగ్గా పైపు నడుమకి తోసెయ్. నూనె దానికి ఎదురొస్తుంది." అయిపోయింది. ఐదు నిమిషాల మాట.

ఫ్లాంజి ముఖం నుంచి 250 మిల్లీమీటర్ల వెల్ కావాలి. రెండంగుళాల టీ నడిమి నుంచి చివరికి 64, దానికి వెల్డ్ నెక్ ఫ్లాంజి కలుపుకుంటే మొదటి సగం కదలని నూనెలో పోతుంది. మిగిలిన 120 పైచిలుకు ఎదురొచ్చే ప్రవాహం మధ్యలో ఉంటుంది. కొస 12 మిల్లీమీటర్లు, పది రెట్లు సరిపోయింది. కదలని నూనె ఉన్న ఆ మూతిని, ఫ్లాంజినీ కూడా ఇన్సులేషన్‌తో మూసెయ్యాలి.

వెల్ పొడవు పెంచినప్పుడు వణుకు చూసుకోవాలి. ప్రవాహానికి అడ్డంగా నిలబడ్డ కడ్డీ వెనక సుడులు ఒకసారి ఇటు, ఒకసారి అటు విడిపోతుంటాయి, ఆ లయ కడ్డీ సహజ లయతో కలిసిందంటే కడ్డీ అలిసిపోయి విరుగుతుంది. 1995 డిసెంబరులో జపాన్‌లోని మోంజు రియాక్టరులో జరిగింది ఇదే. సోడియం పైపులోని థర్మోవెల్ ప్రవాహపు వణుకుకి విరిగి, సోడియం బయటికి కారి మంటలొచ్చాయి. అక్కడ వణికించింది పక్కలకు ఊపే బలం కూడా కాదు, ప్రవాహం దిశలోనే ముందుకీ వెనక్కీ ఊపే బలం. ఇప్పుడు ఏఎస్ఎంఈ పీటీసీ 19.3 టీడబ్ల్యూ ప్రమాణం ఆ దిశను కూడా లెక్కలోకి తీసుకోమంటుంది.

నా లెక్క: వేగం సెకనుకు మీటరు, వ్యాసం 12, సుడులు సెకనుకు పదిహేడు పద్దెనిమిది. వెల్ సహజ లయ వందకి పైన. సుడుల లయను సహజ లయతో భాగిస్తే వచ్చే అంకెకు ప్రమాణం అడిగే అతి కఠినమైన హద్దు 0.4, మనది 0.2 కూడా లేదు. పైగా ప్రవాహం చాలావరకు కడ్డీ వెంబడే పోతుంది, అడ్డంగా తగిలేది టీ కొమ్మ దగ్గరే. చిక్కటి నూనె, నెమ్మది వేగం కాబట్టి ఇది సులువుగా తేలింది. ఇదే వెల్‌ను వేగంగా పోయే ఆవిరి లైన్లో పెడితే ఈ ధీమా పనికిరాదు.

14వ రోజు

వెల్ వచ్చింది. లైనులో పెట్టే ముందు వర్క్‌షాపులో, కలియబెట్టే 80 డిగ్రీల ఆయిల్ బాత్‌లో ముంచి ఎంత చురుగ్గా ఉందో చూశాను. కొలిచేది 63.2 శాతం మార్పుకి పట్టే సమయం. వెల్ రంధ్రం 7, సెన్సర్ 6, చుట్టూ అర మిల్లీమీటరు గాలి. అలా పొడిగా పెడితే 52 సెకన్లు. కొస దగ్గర కొంచెం థర్మల్ పేస్టు, వెనక కొత్త స్ప్రింగు, ఈసారి 24. అర మిల్లీమీటరు గాలికి అంత ఖరీదు. పేస్టును గొట్టం నిండా కూరకూడదు. వేడికి అది పెరగడానికి చోటు కావాలి, రేపు సెన్సర్ తీసేటప్పుడు కూడా చుక్కలు చూపిస్తుంది. కొస మునిగేంత చాలు.

80 దగ్గర పీటీ-100 ఇవ్వాల్సింది 130.90 ఓమ్‌లు. వచ్చింది 130.93. ఇది క్లాస్ ఎ సెన్సర్, ఆ ఉష్ణోగ్రత దగ్గర 0.31 డిగ్రీ వరకు తేడా ఒప్పుకుంటారు. మనది 0.1 లోపే.

16వ రోజు

షట్‌డౌన్. ఆవిరి ఐసోలేషన్, డ్రెయిన్, హాట్ వర్క్ పర్మిట్, కటింగ్, వెల్డింగ్. డిజైన్ ప్రెషర్ 10 బార్, దానికి ఒకటిన్నర రెట్లు 15 బార్‌లో హైడ్రోటెస్టు (నీళ్ల ఒత్తిడితో పరీక్ష). గాస్కెట్ దగ్గర ఒకసారి చెమర్చింది, బోల్టులు ఎదురెదురుగా మళ్లీ బిగించాక ఆగింది. బాబాయ్ చేతి వెల్డు గురించి నేను చెప్పేదేమీ లేదు.

17వ రోజు

ఈసారి ఆటోలో పెట్టేముందు సెట్‌పాయింట్ 80, హై అలారం 85 అని గట్టిగా చదివి, ఆపరేటర్‌తో కూడా చదివించాను. తర్వాత గంటసేపు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

కంట్రోలర్ పాత ట్యూనింగుతో కాస్త ఊగింది. మునుపు నాలుగు నిమిషాలకోసారి అటు మూడు, ఇటు మూడు డిగ్రీలు ఊగేదట, దాన్ని అందరూ ఆవిరి ప్రెషర్ తప్పు అనుకున్నారు. సెన్సర్‌కి సంగతి ఆలస్యంగా తెలిసేది, తెలిసేసరికి వాల్వు ఎక్కువ తెరిచేసేది, మళ్లీ ఎక్కువ మూసేసేది. ఇప్పుడు ఆలస్యం తగ్గింది కాబట్టి ట్యూనింగ్ మళ్లీ చేశాను. ఊగడం ఒక డిగ్రీ లోపుకి వచ్చింది.

ప్యానెల్ 80.7, శాంపిల్ 80.1. మిగిలిన ఈ 0.6 నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. నా ఊహ ఇది: పొరలు పొరలుగా పోయే నూనెలో నడిమధ్య మిగతావాటికంటే వేడి, మన వెల్ కూర్చున్నది అక్కడే. శాంపిల్‌లో గోడ పక్క నూనె కూడా కలుస్తుంది, పైగా ఫ్లాస్కులోకి పడేలోపు కాస్త చల్లారుతుంది. రెండూ కలిస్తే 0.6 కావచ్చు. విడదీయాలంటే టీకి ముందు నూనె పొరల్ని కలిపే స్టాటిక్ మిక్సర్ పెట్టి చూడాలి. మేనేజర్ గారు ఆ మాట వినగానే నా వైపు చూసిన చూపు చూసి ఫైలు మూసేశాను. పదిహేను డిగ్రీల సందులో 0.6కి పైపు మళ్లీ కోయడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

23వ రోజు

పాత వెల్ రెండూ అలాగే ఉన్నాయి. ప్యానెల్ సెన్సర్ ఉన్నదాన్ని ప్లగ్ చేశాం. డయల్‌ను తీయనివ్వలేదు ఆపరేటర్. "కరెంటు పోతే ప్యానెల్ చీకటే కదా సార్, ఇదొక్కటే దిక్కు" అన్నాడు. అదీ నిజమే.

ఇవాళ తెల్లవారుజామున ఐదుకి ఫోను. బయట చలి ఎక్కువగా ఉంది. "సార్, డయల్ 69 దగ్గర ఉంది. తొమ్మిది కలిపితే 78. ప్యానెల్ 80.4 అంటోంది. ఏది నమ్మమంటారు?" శాంపిల్ పట్టమన్నాను. నేను వెళ్లేలోపే పట్టి ఉంచాడు. 79.9. గోడకున్న థర్మామీటరు చూస్తే గాలి 20.

ఎనిమిదో రోజు లెక్క కాగితం తీసి చూపించాను. రెండుసార్లు చదివాడు. జేబులోంచి మార్కర్ తీశాడు, +9 కొట్టేస్తాడనుకున్నాను. కొట్టెయ్యలేదు. దాని కిందే, అంత పెద్దగానే రాశాడు: చలిలో +11.